వెర్నా టర్బోనా, వర్టస్ జీటీనా: స్ట్రెయిట్‌లో ఏది ముందు?

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో నాకర్థమైంది ఇదీ. మీ బావగారి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 డీఎస్‌జీలో నువ్వున్నావు, పక్క లేన్‌లో నీ ఫ్రెండు హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో డీసీటీలో ఉన్నాడు (డీఎస్‌జీ, డీసీటీ రెండూ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే). నార్సింగి దాటాక హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో పక్కపక్కన పోతూ, హారన్ కొట్టుకుని ఇద్దరూ ఒకేసారి తొక్కారు. 120 వచ్చేసరికి వాడు రెండు కార్ల పొడవు ముందున్నాడు. ఇప్పుడు ఈ రెండింట్లోనే నువ్వొకటి కొనాలి. వర్టస్‌లో నిజంగా అంత పస లేదా అన్నది నీ డౌటు. పైగా వెర్నా 0-100 టైమ్ (ఆగి ఉన్న బండి గంటకి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు) ఒక వీడియోలో 7.6 అని, ఇంకోదాంట్లో 9 దాకా చూపించారని, ఎవర్ని నమ్మాలో తెలియట్లేదని రాశావు.

హారన్ కొట్టుకుని తొక్కే పని మళ్లీ చెయ్యొద్దు. ఔటర్ మీద లిమిట్ 120 కాబట్టి ఏం కాదనుకుంటారు గానీ, అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పోటీ పడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 5,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక అసలు విషయానికొస్తా.

ఆగి ఉన్నచోట నుంచి పూర్తిగా తొక్కి 100 దాకా లాగితే వెర్నానే ముందు. అందులో అనుమానం అక్కర్లేదు. కానీ ఆ రోజు నువ్వు చూసిన రెండు కార్ల పొడవు మాత్రం ఇంజిన్ తెచ్చింది కాదు, గేర్‌బాక్స్ తెచ్చింది.

కాగితం మీద లెక్కలు చూడు. వెర్నాది 1,482 సీసీ టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే ఇంజిన్), 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 160 పీఎస్ పవర్, 1,500 నుంచి 3,500 దాకా 253 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం). వర్టస్‌ది 1,498 సీసీ టర్బో, 5,000 నుంచి 6,000 దాకా 150 పీఎస్, 1,600 నుంచి 3,500 దాకా 250 టార్క్. రెండింటికీ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. రెండింటికీ 205/55 ఆర్16 టైర్లే. రెండూ ముందు చక్రాలతో లాగే బళ్లే. ఇంత దగ్గరి పోలికలున్న జత మన మార్కెట్లో అరుదు. అందుకే ఇన్ని వాదనలు.

చాలామంది ఆ 160, 150 చూసి ఆగిపోతారు. కింద రాసి ఉన్న ఆర్‌పీఎం చదవరు. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదే. 3,500 దగ్గర లెక్క కడితే వెర్నాకి సుమారు 126 పీఎస్, వర్టస్‌కి సుమారు 125. అంటే టాకో (ఆర్‌పీఎం మీటర్) సూది 3,500 దాటేదాకా ఈ రెండు ఇంజిన్లకీ తేడా లేదనే చెప్పాలి. మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా నీ రోజువారీ డ్రైవింగ్‌లో సూది 3,500 దాటేది ఎన్నిసార్లో నువ్వే చూసుకో. ఆ పైన వెర్నా విడిపోతుంది. కానీ అక్కడ కూడా వర్టస్ తన 150ని 5,000లోనే అందుకుని 6,000 దాకా వదలదు. గేర్ మారి సూది కిందికి పడినా ఇంకా ఫుల్ పవర్‌కి దగ్గర్లోనే ఉంటుంది. 10 పీఎస్ తేడా అన్నది శిఖరం దగ్గర కొలిచిన తేడా, దారి పొడుగునా అంత ఉండదు.

ఇప్పుడు ఆ రోజు ఔటర్ మీద జరిగింది చూద్దాం. నువ్వు లీవర్ మామూలు డీ (డ్రైవ్)లో ఉంచానని రాశావు, ఫ్రెండు స్పోర్ట్ మోడ్‌లో ఉన్నాడని కూడా రాశావు. జవాబు అక్కడే ఉంది. డీలో 80 దగ్గర స్టడీగా పోతున్నప్పుడు డీఎస్‌జీ ఏడో గేర్లోకి వెళ్లిపోయి కూర్చుంటుంది. సూది 2,000 కంటే కిందే ఉంటుంది. కాలు తేలిగ్గా ఉంటే మధ్యలో ఉన్న రెండు సిలిండర్లనూ పడుకోబెట్టి రెండింటి మీదే నడుపుతుంది. పెట్రోల్ ఆదా కోసం పెట్టిన ఏర్పాటు అది. అలాంటప్పుడు ఒక్కసారిగా తొక్కితే ఏమవుతుంది? నాలుగు సిలిండర్లూ మేలుకోవాలి, గేర్‌బాక్స్ ఏడు నుంచి మూడుకో నాలుగుకో దిగాలి, టర్బో గాలి నింపాలి. కాలు నేలకి తగిలాక బండి నిజంగా ఊపందుకోవడానికి దాదాపు సెకను పోతుంది. స్పోర్ట్‌లో ఉన్న వెర్నా ముందే కింది గేర్ పట్టుకుని, టర్బో తిరుగుతూ సిద్ధంగా ఉంది.

ఆ సెకను ఖరీదెంతో లెక్కేద్దాం. 80 నుంచి 120 దాకా ఈ బళ్లు గట్టిగా లాగితే అయిదు సెకన్ల పైచిలుకు పడుతుంది. సెకనుకి సుమారు 8 కిలోమీటర్ల వేగం పెరుగుతున్నట్టు. నువ్వు సెకను ఆలస్యంగా మొదలుపెడితే అవతలివాడు అప్పటికే నీకన్నా 8 కిలోమీటర్లు వేగంగా ఉంటాడు. ఆ తర్వాత మీ ఇద్దరి లాగుడూ సమానమే అనుకున్నా, నాలుగు సెకన్లలో మధ్య దూరం తొమ్మిది, పది మీటర్లు అవుతుంది. కారు పొడవు నాలుగున్నర మీటర్లు. నీ రెండు కార్ల పొడవు వచ్చేసింది. అదే ఇద్దరూ ఒకే క్షణంలో అందుకుని, తేడా కేవలం 10 పీఎస్‌దే అయితే, అయిదు సెకన్లలో వచ్చేది రెండు మీటర్ల లోపు. అంటే బానెట్ ముందు బానెట్.

కాబట్టి మీ బావగారి బండిని తప్పుబట్టకు. లీవర్‌ని ఎస్ (స్పోర్ట్)లోకి లాగి, లేదా స్టీరింగ్ వెనక ఉన్న పాడిల్‌తో ముందే రెండు మూడు గేర్లు దించుకుని తొక్కి ఉంటే కథ వేరే ఉండేది. వెర్నాకి ఎకో, నార్మల్, స్పోర్ట్ మోడ్‌లు ఉన్నాయి. వర్టస్‌కి అలాంటివి లేవు, గేర్ లీవర్ మీద ఎస్ ఒక్కటే. చాలామంది ఓనర్లు దాన్ని నెలల తరబడి ముట్టుకోరు, ఆ తర్వాత బండి మొద్దుగా ఉందంటారు.

0-100 సంగతికొస్తే, వెర్నా టర్బో డీసీటీకి కంపెనీ చెప్పిన అంకె 8.1 సెకన్లు. బయట సరైన పరికరంతో కొలిస్తే వెర్నా ఎనిమిదిన్నర అటూ ఇటూ, వర్టస్ తొమ్మిది చుట్టుపక్కల వస్తాయి. అర సెకను అంటే వినడానికి పెద్దగా ఉంటుంది. ఒకడు 8.4లో, ఇంకొకడు 8.9లో 100 అందుకుంటే, మొదటివాడు 100 తాకిన క్షణంలో మధ్య దూరం ఆరేడు మీటర్లు, కారున్నర పొడవు. సిగ్నల్ దగ్గర గ్రీన్ చూసి కాలు కదిపే టైమ్‌లోనే మనిషికీ మనిషికీ అంత తేడా ఉంటుంది.

7.6 ఎక్కడి నుంచి వచ్చిందంటావు. ఫోన్ పట్టుకుని స్పీడోమీటర్‌ని షూట్ చేసిన వీడియోలన్నీ ఆ బాపతే. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదన్నది రూలు. అందుకని కంపెనీలు కావాలనే కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. సూది 100 అన్నప్పుడు అసలు వేగం 95 ఉండటం మామూలే. అయిదు కిలోమీటర్లే కదా అనుకోకు. బండికి ఎక్కించాల్సిన శక్తి వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 95కి చేరడానికి 100కి కావాల్సిన దాంట్లో 90 శాతం చాలు. ఎనిమిదిన్నరలో పది శాతం తీసెయ్, 7.65 మిగులుతుంది. ఇక అమెరికా వాళ్ల వీడియోలతో పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. అక్కడి పత్రికలు చాలావరకు బండి మొదటి అడుగు దూరం కదిలాకే వాచీ మొదలుపెడతాయి. అక్కడే సుమారు 0.3 సెకను మాయం. ఫోన్ యాప్‌ల మీదా నాకు నమ్మకం లేదు. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకి ఒక్కసారే లెక్క ఇస్తుంది, దాంతో పదో వంతు సెకను కొలుస్తామనడం నవ్వులాట. వీబాక్స్ లాంటి జీపీఎస్ పరికరాలు, డ్రాగీ లాంటి చిన్న పెట్టెలు సెకనుకి పది, అంతకంటే ఎక్కువసార్లు కొలుస్తాయి. వాటితో కూడా రెండు దిక్కుల్లోనూ పరుగు తీసి సగటు చూడాలి. కంటికి కనిపించని ఒక శాతం ఏటవాలు చాలు, 0-100లో 0.3 సెకను అటూ ఇటూ అయిపోతుంది. ఔటర్ మనకి చదునుగా అనిపిస్తుంది గానీ దక్కన్ పీఠభూమి మీద వేసిన రోడ్డు, ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది.

ఆగినచోట నుంచి దూకడంలో రెండింటికీ ఒకటే జబ్బు. ముందు చక్రాలతో లాగే బండి ఊపందుకోగానే బరువు వెనక్కి వాలుతుంది, లాగాల్సిన చక్రాల మీదే భారం తగ్గుతుంది. ఈ సైజు కారు పొడి తారు మీద కూడా మొదట్లో సుమారు 0.4 జీ (అంటే గురుత్వాకర్షణలో 40 శాతం) మించి లాగలేదు. ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ ఇవ్వగలిగింది అంతకంటే ఎక్కువే. అందుకే బ్రేక్ వదిలి ఒక్కసారిగా తొక్కినప్పుడు స్టీరింగ్ చేతుల్లో ఓ పక్కకి గుంజుతుంది, మీటర్లో చక్రం జారుతోందని చెప్పే పసుపు ట్రాక్షన్ లైటు టకటకా కొట్టుకుంటుంది, ఇంజిన్ గొంతు నొక్కినట్టు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తుంది. అప్పటికే పావు సెకను పోయింది. సిగ్నల్ దగ్గర జీబ్రా గీతల పెయింటు మీద, ఇసుక మీద అయితే తడి గచ్చు మీద చెప్పులు జారినట్టే. తేలిగ్గా మొదలుపెట్టి, రెండు మీటర్లు కదిలాక పూర్తిగా తొక్కేవాడే ప్రతిసారీ మంచి టైమ్ తెస్తాడు. 50, 60 దాకా ఈ రెండు బళ్లలో గెలుపు టైర్లది, కాలుది. వెర్నాకి ఉన్న ఆ అదనపు 10 పీఎస్ బయటపడేది 60 దాటాకే.

ఒక కాలు బ్రేక్ మీద, ఒక కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి లాంచ్ చేసే విద్య మాత్రం ప్రయత్నించకు. వర్టస్‌లో ఉన్నది డీక్యూ200, డ్రై క్లచ్ బాక్స్. నూనెలో మునిగి ఉండదు కాబట్టి వేడి బయటికి పోయే దారి తక్కువ. వెర్నా బాక్స్‌తో కూడా అంతే జాగ్రత్తగా ఉండు. అసలు హైదరాబాద్‌లో ఈ క్లచ్‌లని తినేది లాంచ్‌లు కాదు, సాయంత్రం ఆరున్నరకి బయోడైవర్సిటీ నుంచి హైటెక్ సిటీ దాకా అడుగడుగునా పాకడం. ముందు బండి మూడు మీటర్లు కదిలితే నువ్వూ మూడు మీటర్లు కదలడం మానెయ్. కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేక్ మీద ఆగి, ఒకేసారి కదులు. అలా వాడే వాళ్ల బళ్లు నా గ్యారేజీకి క్లచ్ పని మీద రావడం అరుదు.

బరువు సంగతి ఎవరూ మాట్లాడరు గానీ అన్నిటికంటే పెద్ద కిటుకు అదే. డ్రైవర్‌తో కలిపి ఈ బళ్లు సుమారు 1,400 కిలోలు అనుకో. 160కీ 150కీ మధ్య తేడా ఆరున్నర శాతం. 1,400లో ఆరున్నర శాతం అంటే 90 కిలోలు. అంటే నీ ఫ్రెండు వెర్నాలో పక్క సీట్లో బాగా తిన్న మనిషి ఒకడు కూర్చుంటే, ఒంటరిగా ఉన్న వర్టస్‌తో లెక్క సమానం. నెలకోసారి విజయవాడ వెళ్తానన్నావు. అమ్మానాన్న, చెల్లి, డిక్కీ నిండా సామాను వేసుకుంటే 300 కిలోలు తేలిగ్గా అవుతుంది. అప్పుడు ఏ బండైనా అయిదో వంతు మందగిస్తుంది. తొమ్మిది సెకన్ల బండి పదిన్నర పైకి పోతుంది. చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు నువ్వు నమ్ముకోవాల్సింది ఆ అంకెనే.

ఎండా, ఎత్తూ కూడా చూసుకోవాలి. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. మే నెలలో 42 డిగ్రీలంటే గాలి ఇంకా పలచన. టర్బో లేని ఇంజిన్‌కి ఈ రెండూ నేరుగా దెబ్బే. టర్బో బండి మాత్రం ఇంకాస్త ఎక్కువ నొక్కి ఒత్తిడి లోటు పూడ్చుకుంటుంది. వేడిని మాత్రం అది కూడా తప్పించుకోలేదు. సిగ్నల్లో పది నిమిషాలు నిలబడితే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కాగిపోతుంది. లోపలికి వేడి గాలి పోతే నాక్ (పెట్రోల్ తనంతట తానే అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) వస్తుందని కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది. మధ్యాహ్నం మూడింటికి బద్ధకంగా అనిపించిన బండి తెల్లవారుజామున అయిదింటికి ఎగిరిపడటానికి కారణం అదే. మధ్యాహ్నం తీసిన వర్టస్ వీడియోని డిసెంబర్ పొద్దున తీసిన వెర్నా వీడియోతో పోల్చడం అందుకే దండగ. 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్ల పికప్ పోయిందా అని కూడా అడిగావు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ తగ్గుతుంది. నాక్‌ని మాత్రం అది బాగా తట్టుకుంటుంది. గట్టిగా తొక్కినప్పుడు వచ్చే లాగుడులో తేడా కనిపెట్టడం కష్టం.

ఈ సందులో ఇంకో మాట. బడ్జెట్ సరిపోక కింది ఇంజిన్లు చూడాల్సి వస్తే, అక్కడ తేడా 1.5 టర్బోల మధ్య ఉన్నదానికంటే చాలా పెద్దది. వెర్నా 1.5 మామూలు పెట్రోల్, వర్టస్ 1.0 టర్బో, రెండూ 115 పీఎస్సే. కానీ మొదటిది 144 టార్క్ ఇస్తుంది, అదీ 4,500 దగ్గర. రెండోది 178 ఇస్తుంది, 1,750 నుంచే. మన ఎత్తులో, మన ఎండలో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు నలుగురితో ఎక్కేటప్పుడు ఆ చిన్న మూడు సిలిండర్ల ఇంజినే హాయిగా లాగుతుంది. పెద్దది అరుస్తుంది. సీసీ చూసి మోసపోకు.

స్ట్రెయిట్‌లో పరుగు ఎంత ముఖ్యమో ఆగడం అంతకంటే ముఖ్యం, ఇక్కడ వెర్నా టర్బోకి మార్కులు వెయ్యాలి. నాలుగు చక్రాలకీ డిస్కులున్నాయి. 2022లో వచ్చిన వర్టస్ జీటీకి వెనక డ్రమ్ములే. ఒక్కసారి గట్టిగా ఆపినప్పుడు పెద్ద తేడా రాదు, ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడో, ట్రాక్ మీద ల్యాప్ వెంట ల్యాప్ తిప్పేటప్పుడో తెలుస్తుంది. దానికి బదులుగా 100 దాటాక రోడ్డుని అంటిపెట్టుకునే తీరులో నాకు వర్టస్ ఎక్కువ నచ్చుతుంది. పక్క గాలి కొట్టినా, రోడ్డు అతుకుల మీదా తొణకదు. 120లో చేతులు వదులుగా పట్టుకుని కూర్చోగలను. ఇది నా ఇష్టం, నీకు వేరేలా అనిపించొచ్చు.

నీ వాడకం చదివాక నా సలహా: ఇద్దరు ఫ్రెండ్ల మధ్య అంకెల కోసం అయితే వెర్నా తీసుకో, నీ ముచ్చట తీరుతుంది. విజయవాడ హైవే నీకు ముఖ్యమైతే వర్టస్‌ని కొట్టిపారేయకు. నాకైతే నీ స్థానంలో వర్టస్ మీదికే మనసు పోతుంది, ఎస్ మోడ్ వాడటం అలవాటు చేసుకుంటానన్న షరతు మీద.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు షోరూమ్ వాళ్లని టర్బో డీసీటీ, జీటీ డీఎస్‌జీలే ఇమ్మని ముందు రోజే ఫోన్‌లో చెప్పు. లేకపోతే చేతిలో ఉన్న కింది ఇంజిన్ బండి ఎక్కించి తిప్పి పంపిస్తారు. ఇద్దరిని వెంట తీసుకెళ్లు, రెండు బళ్లకీ అదే ఇద్దరు. ఒకే రోజు, ఒకే పూట. కోకాపేట దగ్గర ఔటర్ ఎక్కే ర్యాంపు మీద 40 నుంచి 80 దాకా ఒకసారి డీలో, ఒకసారి స్పోర్ట్‌లో లేదా ఎస్‌లో లాగి చూడు. కాలు తొక్కాక బండి నీ మాట వినడానికి ఎంతసేపు పడుతోందో గమనించు. ఆ తర్వాత పొద్దున తొమ్మిదిన్నరకి నానక్‌రామ్‌గూడ ట్రాఫిక్‌లో పది నిమిషాలు పాకించు, కుదుపులు చూసుకో. తేడా ఏమనిపించిందో రాయి, ఏ మోడ్‌లో నడిపావో కూడా రాయి.